పరిసరములు - బాలబాలికల శరీర వ్యాయామము

శరీరమునకు అన్నమెంత యావశ్యకమో వ్యాయామమును అంత యావశ్యకమని మనము క్రింది తరగతులనుండియే చదువుచున్నాము. అయినను బాలురలో కొందఱు దినమంతయు పరుగులిడుచుండగా మఱికొందఱు గడప దాటకుండుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు పెద్దలు సాధారణముగా చెప్పు సమాధానమొకటి కలదు: వాడు చుఱుకైనవాడు, వీడు సోమరి యని. ఈ సమాధానము సులభమైనదే కాని సరియైనది కాదు. సెలవులలో అమ్మమ్మగారి పల్లెకు పోయిన బాలుడు ఉదయమునుండి చీకటి పడువఱకు చింతతోపులలో కాలు నిలుపక తిరుగును. ఆ బాలుడే పట్టణములోని తన యిఱుకింటికి తిరిగి వచ్చినంతనే గోడకు చేరగిలబడి సెల్‌ఫోను చేతబట్టును. ఈ రెండు దినముల నడుమ బాలుని స్వభావము మాఱలేదు. వాని చుట్టునున్న స్థలము మాఱినది.

కావున వ్యాయామమును గూర్చి విచారింపదలచినవారు ముందుగా బాలుని గాక బాలుని పరిసరములను పరీక్షింపవలయును. పరిసరములనగా ఇల్లు, వీథి, బడికి పోవు బాట, ఖాళీస్థలము, చెట్టునీడ, చెఱువు, వాహనముల రాకపోకలు మాత్రమే కావు. ఇరుగుపొరుగువారి మాటలు, తల్లిదండ్రుల భయములు, తోడి పిల్లల సాంగత్యమును పరిసరములే. ఇవియన్నియు కలిసి బాలునితో "రమ్ము" అనియైన పలుకును, "వలదు" అనియైన పలుకును. ఆ పలుకును వినుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. వ్యాయామమెంత కావలయును?

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020వ సంవత్సరమున ప్రకటించిన నియమముల ప్రకారము 5 మొదలు 17 ఏండ్ల వయస్సుగలవారు సగటున దినమునకు 60 నిమిషములు శరీరము వెచ్చబడి ఊపిరి వేగమగునట్లు శ్రమింపవలయును. అందు వారమునకు మూడు దినములైనను పరుగు, దుముకుడు మొదలగు గట్టి శ్రమ యుండవలయును. దీనివలన గుండె, ఊపిరితిత్తులు బలపడును, ఎముకలు గట్టిపడును, మనస్సు తేటపడి చదువు నిలుచును.

ఈ 60 నిమిషములు గొప్ప లెక్క కాదని తోచవచ్చును. కాని 146 దేశములలో బడికి పోవు 11 మొదలు 17 ఏండ్లవారినుండి సేకరించిన వివరములను పరిశీలింపగా, 2016 నాటికి నూటికి 81 మంది ఈ మాత్రపు శ్రమయైనను చేయుటలేదని తేలినది. లోకములోని బాలబాలికలలో నూటికి 81 మంది ఒక్కమాఱే సోమరులైరని యెవరైనను నమ్మగలరా? ఇంతమందిని ఒక్కరీతిగా కూర్చుండబెట్టినది వారి గుణము కాదు. వారు పెరుగుచున్న స్థలముల తీరు.

పెద్దలయందును ఈ న్యాయమే కనబడుచున్నది. లండను నగరమున రెండంతస్తుల బస్సులుండెను. వానిని నడుపువాడు దినమంతయు కూర్చుండును. టిక్కెట్లిచ్చు కండక్టరు దినమంతయు మెట్లెక్కి దిగుచుండును. జెరెమీ మారిస్ అను వైద్యుడును ఆయన తోడివారును ఈ యిరువురి ఆరోగ్యమును పోల్చి చూచి, డ్రైవర్లకంటె కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువగా వచ్చుచున్నవని 1953లో ప్రకటించిరి. బస్సొక్కటే, కొలువొక్కటే, కాని యొకనికి ఆసనము, వేఱొకనికి మెట్లు. కండక్టరు వ్యాయామము చేయుదునని వ్రతము పట్టలేదు. అతడున్న చోటే అతనిచేత చేయించినది.

2. మన ప్రాంతపు తీరు

ఇక మన ప్రాంతమును చూతము. ముస్తాబాదు మండలము 2016 అక్టోబరు వఱకు కరీంనగరము జిల్లాలో నుండి, పిమ్మట సిరిసిల్ల ముఖ్యస్థానముగా నేర్పడిన జిల్లాలో చేరినది. ఇచటి పల్లెలలో వరిపొలములు, చెఱువుకట్టలు, తాటివనములు గలవు. సమీపమున మానేరు నదిపై నర్మాల యొద్ద నిజాము ప్రభుత్వ కాలమున కట్టిన ఎగువ మానేరు జలాశయము గలదు. సిరిసిల్ల పట్టణమునకు పోయినచో వేఱొక లోకము కనబడును. అచట సాంచాల మ్రోతయే వీథులకు ఊపిరి. బట్ట నేయువారి బ్రదుకు సాంచా ప్రక్కననే గడచుచుండును. ఇరువైపుల ఇండ్లు ఒత్తుకొనియున్న సందులో బంతి విసరినచో ఎవరి యింటిలో పడునో తెలియదు. ఇక పట్టణమునందేమి పల్లెలయందేమి, అనేకులైన స్త్రీలు ఇంటిలో కూర్చుండి బీడీలు చుట్టి సంసారము నెట్టుకొనివచ్చుచున్నారు.

పల్లె బాలునకు స్థలము కలదు, పట్టణపు బాలునకు లేదు. కావున పల్లెలో కొఱత లేదని తలచుట పొరపాటు. పల్లెలో పొలము కలదు గాని అది పైరుది. పైరులో పరుగెత్తినవానికి తిట్లే దక్కును. ఊరి నడుమ ఖాళీగానున్న స్థలమున నేడొక గుడిసె, ఱేపొక గోడ, ఎల్లుండి వడ్లకుప్ప వెలయును. ఎవరిదియు కాని స్థలము చివరకు ఎవరో యొకరిదగుచున్నది. అది తమదని చెప్పుకొనుటకు పిల్లల చేత పట్టా లేదు గదా!

3. ఆటకు కావలసిన నేల యెంత?

పరిసరములు ఆటను ఆపుటయే కాదు, ఆటను పుట్టించుటయు కలదు. అమెరికా దేశమున స్ప్రింగ్‌ఫీల్డు నగరమునందలి క్రైస్తవ యువజన సమాజపు శిక్షణాలయమున 1891 శీతకాలమున విద్యార్థులు బయట ఆడుటకు వీలులేక విసిగియుండిరి. అపుడు జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు గదిగోడలకు పండ్లబుట్టలు తగిలించి వానిలో బంతి వేయుడనెను. అదియే బాస్కెట్‌బాల్. నాలుగేండ్ల పిమ్మట, 1895లో, ఆ సమాజపు వేఱొక శాఖలో విలియం మోర్గన్ వాలీబాల్‌ను కల్పించెను. హ్యారీ క్రో బక్ దొర 1920లో మదరాసున స్థాపించిన వ్యాయామ కళాశాలయు ఆ సమాజము వారిదే. అచట శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఇట్టి ఆటలను మన దక్షిణదేశపు పాఠశాలలకు తెచ్చిరి. మన పెద్దలును ఈ విద్య నెఱిగినవారే. కఱ్ఱముక్క దొరికినచోట చిర్రగోనె, పెంకు దొరికినచోట తొక్కుడుబిళ్ళ, ఏమియు దొరకనిచోట ఊపిరి బిగబట్టి చెడుగుడు ఆడిరి.

అయినను ఎంతటి తెలివికైనను కొంత నేల కావలయును. ఆ నేల యెంతయో లెక్క వేయుడు. కబడ్డీ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు; అనగా 130 చదరపు మీటర్లు. మన గుంటకు 121 చదరపు గజములు గదా. ఆ లెక్కను ఇది ఒకటింబావు గుంటకు కొంచెము ఎక్కువ. వాలీబాల్ బరి 18 మీటర్లు పొడవు, 9 మీటర్లు వెడల్పు. ఇది గుంటన్నరకు కొంచెము ఎక్కువ. ఖో-ఖో బరి 27 మీటర్లు పొడవు, 16 మీటర్లు వెడల్పు. ఇది నాలుగుంబావు గుంటలు. ఈ మూడును కలిపి ఎనిమిది గుంటలైనను కావు. ఆటగాండ్రు తిరుగుటకు చుట్టును ఖాళీ విడిచినను, 20 గుంటలలో, అనగా అఱ యెకరములో, మూడు ఆటలును ఇముడును. వందల యెకరములు సాగగు ఊరిలో ఊరి పిల్లలందఱికిని కావలసినది అఱ యెకరము!

ఈ లెక్క పాలకులకును తోచకపోలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలముండవలెనని విధించినది. తెలంగాణ ప్రభుత్వమువారు 2022వ సంవత్సరమున గ్రామములయందు క్రీడా ప్రాంగణములను నెలకొల్పుటకు పూనుకొనిరి. ఇవి మంచి పనులు. కాని ఇచట నొక సూక్ష్మము కలదు. ఆటస్థలము ఊరికి దూరముగా ముండ్లకంపల నడుమ నున్నచో అది కాగితముమీద నుండును గాని పిల్లల కాళ్లక్రింద నుండదు. పిలిచినచో తల్లి గొంతు వినబడునంత దూరములోనున్న రెండు గుంటలు, నడచిపోలేని దూరములోనున్న రెండెకరములకంటె మేలు.

ఐరోపాలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరము ఇందుకు దృష్టాంతము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపుడు ఆ నగరమున విశాలమైన మైదానములు కట్టుటకు ధనమును లేదు, తావును లేదు. 1947లో ఆల్డో వాన్ ఐక్ అను వాస్తుశిల్పి ఒక చిన్న కూడలిలో ఇసుకగుంటయు, దుముకుటకు రాళ్లును, వ్రేలాడుటకు ఇనుపకమ్ములును అమర్చెను. అది చూచిన ఇతర పేటలవారు మాకును అట్టిది కావలెనని అడుగసాగిరి. అట్లు ముప్పదియేండ్లలో వీథి మూలలయందును కూలిన ఇండ్ల జాగాలయందును ఏడువందలకు పైగా ఆటస్థలములు వెలసెను. గొప్ప మైదానమొక్కటి కట్టుటకంటె ప్రతి వీథికి చిన్న చోటు చూపుటయే వారికి కలిసివచ్చినది.

4. బడికి పోవు బాట

ఆటస్థలము వలెనే బాటయు వ్యాయామశాలయే. ఇంటికి ఒకటిన్నర కిలోమీటర్ల దూరమున బడి యున్నదనుకొనుడు. చుఱుకుగా నడచు బాలునకు పోవుటకు 20 నిమిషములు, వచ్చుటకు 20 నిమిషములు పట్టును. అనగా దినమునకు కావలసిన 60 నిమిషములలో 40 నిమిషములు బాటయే యిచ్చుచున్నది. ఆ బాలుని ఆటోలో కూర్చుండబెట్టి పంపినచో, ఆ 40 నిమిషములను మనమే తీసివేసి, పిమ్మట వానిని సోమరి యని నిందించుచున్నాము.

అట్లని తల్లిదండ్రులను తప్పుపట్టుటకు వీలులేదు. లారీలు, మోటారు సైకిళ్లు దూసుకొనిపోవు బాటలో పిల్లను ఒంటరిగా పంపుటకు ఏ తల్లి ధైర్యము చేయును? ఇంగ్లాండులో దీనిని కొలిచి చూచిరి. 1971లో అచట ఏడెనిమిదేండ్ల పిల్లలలో నూటికి 80 మంది పెద్దల తోడు లేకయే బడికి పోవుచుండిరి. 1990 నాటికి నూటికి 9 మంది మాత్రమే అట్లు పోవుచుండిరి. పందొమ్మిది సంవత్సరములలో పిల్లల కాళ్లు బలహీనములు కాలేదు. బాటమీద వాహనములును తల్లిదండ్రుల గుండెలలో భయమును పెరిగినవి. కావున బాట ప్రక్కన నడచుటకు కొంత జాగా విడుచుట, బడి యెదుట వాహనముల వేగము తగ్గించుట, ఒకే వాడపిల్లలు గుంపుగా కలిసి నడచుట - ఇవి బాటకు మాత్రమే గాక ఆరోగ్యమునకును సంబంధించిన పనులు.

5. బావి పోయినది, ఈత పోయినది

పరిసరములు మాఱినపుడు ఒక విద్యయే యెట్లు మాయమగునో మన ప్రాంతపు ఈతను చూచి తెలిసికొనవచ్చును. పూర్వము పొలముల నడుమ మోటబావులుండెడివి. వేసవిలో పిల్లలు నడుమునకు ఎండు సొరకాయబుఱ్ఱయో, మూసిన డబ్బాయో కట్టుకొని, అన్నయో మామయో గట్టున నిలిచి చూచుచుండగా బావిలో దుముకుచుండిరి. ఒక వేసవి గడచుసరికి డబ్బా అక్కఱలేకుండెడిది. ఏ పాఠశాలయు నేర్పకయే ఊరిలోని మగపిల్లలలో అనేకులకు ఈత వచ్చెడిది.

పిమ్మట భూగర్భజలము అడుగంటినది, మోటబావులు ఎండినవి, వాని స్థానమున బోరుబావులు వచ్చినవి. జానెడు వెడల్పు గొట్టములో నీరు పైకి వచ్చును గాని బాలుడు ఈదలేడు. ఒక తరము ఈత రాకయే పెరిగినది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో అనేక గ్రామముల చెఱువుల పూడిక తీసిరి. ఎత్తిపోతల కాలువల వలనను మన వైపునకు నీరు చేరినది. నీరు మరల వచ్చినది. ఈత మాత్రము రాలేదు. లోతైన నీరును, ఈత రాని పిల్లలును ఒకేచోట నుండుట మిక్కిలి ప్రమాదము. ఇసుక త్రవ్విన గోతులు వానకాలమున నీటితో నిండి పైకి సమముగా కనబడుచుండును. వానియందు అడుగిడిన బాలుడు తేరుకొనుట కష్టము. చెఱువునొద్దకు పోవలదని గద్దించుట ఒక యుపాయము. ఈత వచ్చిన పెద్దవారు దగ్గఱనుండి, లోతు తెలిసినచోట నేర్పుట అంతకంటె మంచి యుపాయము. పిల్లలారా, పెద్దల తోడు లేక మీరు నీటిలో దిగరాదు. పెద్దలారా, పిల్లలు తోడు రమ్మనినపుడు మీరు తీఱిక లేదనరాదు.

6. బాలికల మాట

పైన చెప్పిన నూటికి 81 అను లెక్కలో మఱియొక భేదము దాగియున్నది. బాలురలో చాలినంత శ్రమ లేనివారు నూటికి 78 మంది కాగా, బాలికలలో నూటికి 85 మంది. ఊరొక్కటే, ఎండయొక్కటే, బడియొక్కటే. ఐనను అన్నకున్న పరిసరములు చెల్లెలికి లేవు. బడినుండి వచ్చిన అన్న సంచి పడవేసి బయటికి పోవును. చెల్లెలు చీపురు పట్టును, నీళ్లు పట్టును, చంటిబిడ్డను ఎత్తుకొనును, బీడీలు చుట్టు తల్లికి సాయపడును. ఇంటిపనియు శ్రమయే, దానిని తక్కువ చేయరాదు. కాని అది పరుగునకు, దుముకుటకు, స్నేహితురాండ్రతో కలిసి గెలుచుటకు, ఓడుటకు సాటి కాదు. ఇక పండ్రెండేండ్లు దాటిన పిల్ల మైదానమున పరుగెత్తినచో "ఎవరి పిల్ల?" అని అడుగువారు కొందఱు. ఆ ప్రశ్నయు ఒక గోడయే. ఇటుకలతో కట్టిన గోడకంటె ఎత్తైనది.

ఆడువారికి ఆట తగదను మాట మన దేశపు ఆచారము కాదు. బతుకమ్మ దినములలో చూడుడు. తొమ్మిది దినములు ఊరి నడుమనో చెఱువుకట్టనో బాలికలు, తల్లులు, అవ్వలు వలయముగా నిలిచి, వంగుచు, లేచుచు, చప్పట్లు చఱచుచు గడియలకొలది తిరుగుదురు. ఆ తొమ్మిది దినములు ఎవరును "ఎవరి పిల్ల?" అని అడుగరు. స్థలము కలదు, తోడు కలదు, పెద్దల యనుమతి కలదు. కావున వ్యాయామమును కలదు. ఈ మూడును కలిసినపుడు ఎనుబది యేండ్ల అవ్వయు అడుగు కదుపును. మిగిలిన దినములయందు పదునాలుగేండ్ల మనుమరాలికి వానిని కలుగజేయుటయే మనము చేయవలసిన పని.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ యను బాలిక 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖరమునెక్కినది. ఆమె గురుకుల పాఠశాలలో చదువుచుండగా మొదట కొండయెక్కుట నేర్చినది భువనగిరి బండమీద. ఆ బండ యుగయుగములనుండి అచటనే యున్నది. ఎందఱో దాని నీడలో పుట్టి పెరిగిరి. కాని త్రాడు పట్టి నేర్పు గురువును, "పొమ్ము" అని పంపు పెద్దలును కలిసినపుడే అది వ్యాయామశాల యైనది. కావున బండయైనను, చెఱువైనను, మైదానమైనను తనంతట తాను చాలదు. అనుమతియు, మార్గదర్శియు కలిసినపుడే అది పరిసరమగును.

7. మనము చేయదగినవి

పైని విషయములను బట్టి కొన్ని సులభమైన పనులు తేలుచున్నవి.

మొదటిది: సాయంకాలము ఒక గంటసేపు బడి ఆటస్థలపు తలుపు తెఱచి, ఒక్క పెద్దమనిషి కావలి యుండుట. తాళము వేసిన మైదానము ఎవరికిని ఉపయోగపడదు.

రెండవది: వేసవిలో మధ్యాహ్నపు ఎండ 40 డిగ్రీలు దాటునపుడు ఆట ఉదయముననే ముగించుట. మైదానపు అంచున వేప, కానుగ మొక్కలు నాటుట. ఐదాఱేండ్లలో నీడ వచ్చును.

మూడవది: వారమునకు కొన్ని దినములైనను మైదానమును బాలికలకే విడుచుట, ఇంటిపనిని అన్నచెల్లెండ్రు సమముగా పంచుకొనుట. అన్న పది నిమిషములు చీపురు పట్టినచో చెల్లెలికి పది నిమిషముల ఆట దొరకును.

నాలుగవది: గ్రామపంచాయతీ సభలో ఖాళీస్థలములను గూర్చి మాటవచ్చినపుడు, పిల్లల తరఫున ఒక్కరైనను లేచి అఱ యెకరము అడుగుట.

విద్యార్థులారా, సెలవులలో మీకొక అభ్యాసము. ఒక కాగితముమీద మీ వాడ పటము గీయుడు. మీరు ఆడుకొనుచోట్లను చుక్కలతో గుఱుతింపుడు. ఇంటినుండి వానికి ఎన్ని అడుగులో కొలువుడు. మధ్యనున్న అడ్డంకిని - పెద్దబాటయో, మురుగుకాలువయో, కుక్కల గుంపో, ఒకరి కసరుమాటయో - వ్రాయుడు. మీ చెల్లెలిచేత కూడ అట్టి పటమొకటి గీయించి, రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. రెండు పటములలో ఏది చిన్నదిగానుండునో, ఎందువలన నుండునో మీకే తెలియును. ఆ పటములను మీ తల్లిదండ్రులకును, వీలైనచో సర్పంచిగారికిని చూపుడు. నూఱు ఉపన్యాసములకంటె అవి యెక్కువ చెప్పును.

మన పరిశుద్ధ గ్రంథములో జెకర్యా ప్రవక్త, పాడుపడిన యెరూషలేము మరల బాగుపడు దినమును వర్ణించుచు, ప్రాకారములను గాని ధనాగారములను గాని ముందుగా చెప్పలేదు. వీథులలో ముదుసలులు నిర్భయముగా కూర్చుండుటయు, అవే వీథులలో బాలురును బాలికలును ఆడుకొనుటయు ఆ పట్టణపు క్షేమమునకు గుఱుతులని చెప్పెను. బాలురొక్కరే యనలేదు, బాలికలును అనెను. ఊరు బాగున్నదా లేదా యని తెలిసికొనుటకు ఇప్పటికిని ఇంతకంటె మంచి కొలబద్ద లేదు. సాయంకాలము మీ వీథిలో నిలిచి చెవియొగ్గి వినుడు. పిల్లల కేకలు వినబడినచో దేవునికి స్తోత్రము చెప్పుడు. వినబడనిచో పిల్లలను నిందింపక, వారికి చోటు చూపుడు.